పట్టుపురుగుల పెంపకపు గదికి కావలసిన ఉష్ణశక్తి అంచనా

పట్టుపురుగుల పెంపకపు గదికి కావలసిన ఉష్ణశక్తి అంచనా అనగా చలికాలంలో పట్టుపురుగులను పెంచే గదిని నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద నిలిపి ఉంచడానికి ఎంత వేడి అవసరమో ముందుగా లెక్కకట్టడం. ఒక గదిని వేడి చేయడానికి కావలసిన శక్తిని అంచనా వేసే సాధారణ పద్ధతే ఇక్కడ కూడా వర్తిస్తుంది. అయితే పట్టుపురుగుల గదిలో వేడితో పాటు గాలిలోని తేమను, గాలి మార్పిడిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ లెక్క అవసరం ఎక్కువగా కనిపించే ప్రాంతాలలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాలు ముఖ్యమైనవి.

ప్రాంత నేపథ్యం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పూర్వపు అనంతపురం జిల్లాలోని పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఈ మూడు ఊళ్ళకూ పట్టుతో సంబంధం ఉన్నది. హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల గ్రామాలలో రైతులు మల్బరీ సాగు చేసి పట్టుపురుగులను పెంచుతారు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ ఉన్నది. ధర్మవరం పట్టుచీరల నేతకు ప్రసిద్ధి. హిందూపురం సమీపంలోని కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉన్నది. పొరుగున ఉన్న మైసూరు ప్రాంతంలో పట్టు పరిశ్రమను 18వ శతాబ్దంలో టిప్పు సుల్తాన్ ప్రోత్సహించాడు.

హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున, ధర్మవరం సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఈ ఎత్తు వలన హిందూపురంలో ఎండాకాలం కొంత తక్కువ తీవ్రంగాను, చలికాలపు రాత్రులు కొంత ఎక్కువ చల్లగాను ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 16 డిగ్రీల సెల్సియస్ పరిసరాలకు దిగడం మామూలే. మనుషులకు ఒక దుప్పటి కప్పుకుంటే సరిపోయే ఈ చలి, పట్టుపురుగుకు మాత్రం పెద్ద చిక్కు.

పురుగుకు వేడి ఎందుకు అవసరం

పట్టుపురుగు శీతల రక్త జీవి. తన శరీర ఉష్ణోగ్రతను తాను నిలుపుకోలేదు. పరిసరాల వేడిని బట్టి దాని జీర్ణక్రియ, పెరుగుదల వేగం మారుతూ ఉంటాయి. ఉష్ణోగ్రత 20 డిగ్రీల కంటే తగ్గితే పురుగు మందగించి ఆకు సరిగా తినదు. పెంపకపు కాలం పొడుగవుతుంది. ఒకే రోజు పొదిగిన పురుగులు ఒకే వేగంతో పెరగక, కొన్ని నిర్మోచనానికి (రైతుల మాటలో జ్వరానికి) కూర్చుంటే మరికొన్ని ఇంకా ఆకు తింటూ ఉంటాయి. చలి, తేమ కలిసి వచ్చినప్పుడు సున్నపుకట్టు రోగమని పిలిచే మస్కార్డిన్ అనే శిలీంధ్ర వ్యాధి వ్యాపించే అవకాశం కూడా ఎక్కువ. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటడం కూడా హానికరమే.

పురుగు జీవితంలో ఐదు దశలు ఉంటాయి. సాధారణంగా సూచించే ఉష్ణోగ్రత, గాలిలో తేమ ఈ విధంగా ఉంటాయి.

* మొదటి దశ: 27 నుండి 28 డిగ్రీలు, తేమ 85 నుండి 90 శాతం
* రెండవ దశ: 27 డిగ్రీలు, తేమ 85 శాతం
* మూడవ దశ: 26 డిగ్రీలు, తేమ 80 శాతం
* నాల్గవ దశ: 25 డిగ్రీలు, తేమ 70 నుండి 75 శాతం
* ఐదవ దశ: 24 డిగ్రీలు, తేమ 65 నుండి 70 శాతం

మొదటి రెండు దశలను చాకీ దశ అంటారు. ఇది సుమారు 7, 8 రోజులు ఉంటుంది. ఎక్కువ వేడి అవసరమయ్యేది ఈ దశలోనే. అదృష్టవశాత్తు ఈ దశలో పురుగులకు చోటు తక్కువ సరిపోతుంది. 100 రోగరహిత గుడ్ల నుండి వచ్చిన పురుగులకు ఆరంభంలో సుమారు 4 చదరపు అడుగుల పడక చాలు. అవే పురుగులకు ఐదవ దశ చివర సుమారు 360 చదరపు అడుగులు కావాలి. అందువలన చాకీ పెంపకానికి ప్రత్యేకంగా ఒక చిన్న గదిని కేటాయించి దానిని మాత్రమే వేడి చేయడం ఆచారంగా వస్తున్నది.

వేడి ఎటు పోతుంది

గదిలోని ఉష్ణోగ్రతను 16 నుండి 27 డిగ్రీలకు పెంచాలంటే గదిలోని గాలిని వేడి చేస్తే చాలునని విద్యార్థులు అనుకోవడం సహజం. పాఠ్యపుస్తకంలోని ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, ఉష్ణోగ్రతా భేదాల లబ్ధం ఇందుకు సరిపోయినట్లు కనిపిస్తుంది. కాని ఆ సమాధానం అసలు అవసరంలో చాలా చిన్న భాగం మాత్రమే. వేడి చేసిన మరుక్షణం నుండి గది ఆ వేడిని బయటికి వదులుతూనే ఉంటుంది. చిల్లుకుండలో నీటిమట్టం నిలపాలంటే కారిపోయినంత నీటిని పోస్తూ ఉండాలి. గదిలో ఉష్ణోగ్రత నిలపడం కూడా అటువంటిదే.

లెక్కలోకి తీసుకోవలసిన అంశాలు ఐదు.

1. గదిలోని గాలిని వేడి చేయడానికి కావలసిన శక్తి
2. గోడలు, పైకప్పు, తలుపులు, కిటికీల గుండా పోయే వేడి
3. వేడెక్కిన గాలి బయటికి పోయి, చల్లగాలి లోపలికి రావడం వలన కలిగే నష్టం
4. గాలిలో తేమను పెంచడానికి నీటిని ఆవిరి చేయడంలో ఖర్చయ్యే వేడి
5. గోడలు, పైకప్పు తామే వేడెక్కడానికి తీసుకునే వేడి

రెండవ అంశానికి సూత్రం: ఉష్ణ నష్టం (వాట్లలో) = వైశాల్యం × ఉష్ణ ప్రసార గుణకం × లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడా. ఒక చదరపు మీటరు గోడ గుండా, ఒక డిగ్రీ తేడాకు, ఎన్ని వాట్ల వేడి పోతుందో తెలిపేది ఉష్ణ ప్రసార గుణకం. ఉష్ణ వహనానికి గణిత సిద్ధాంతాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్ 1822లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. నేటి లెక్కలకు అదే పునాది.

ఈ వ్యాసంలోని లెక్కకు తీసుకున్న సుమారు విలువలు:

* రెండు వైపులా పూత ఉన్న 23 సెంటీమీటర్ల (9 అంగుళాల) ఇటుక గోడ: 2.1
* పూత తప్ప వేరే కప్పు లేని కాంక్రీటు మిద్దె: 3.3
* చెక్క తలుపు: 3.0
* ఒంటి అద్దం కిటికీ: 5.5

నమూనా లెక్క

హిందూపురం పరిసర గ్రామంలో 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల చాకీ గది ఉన్నదనుకుందాం. గోడలు ఇటుకవి, పైన కాంక్రీటు మిద్దె. 2 చదరపు మీటర్ల తలుపు ఒకటి, మొత్తం 2.4 చదరపు మీటర్ల కిటికీలు రెండు ఉన్నాయి. బయట 16 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు. తేడా 11 డిగ్రీలు.

గాలిని వేడి చేయడం: గది ఘనపరిమాణం 72 ఘనపు మీటర్లు. హిందూపురం ఎత్తులో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.1 కిలోగ్రాములు తూగుతుంది. కనుక గదిలోని గాలి సుమారు 79 కిలోగ్రాములు. ఒక కిలో గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1 కిలోజౌల్ కావాలి. 79 × 11 = సుమారు 870 కిలోజౌళ్ళు. ఒక యూనిట్ విద్యుత్తు (ఒక కిలోవాట్ గంట) 3,600 కిలోజౌళ్ళకు సమానం. అంటే ఇది పావు యూనిట్ కూడా కాదు.

గోడలు మొదలైన వాటి గుండా నష్టం: నాలుగు గోడల వైశాల్యం 60 చదరపు మీటర్లు. తలుపు, కిటికీలు తీసివేయగా 55.6. ఒక డిగ్రీ తేడాకు నష్టం:

* గోడలు: 55.6 × 2.1 = 116.8 వాట్లు
* మిద్దె: 24 × 3.3 = 79.2 వాట్లు
* తలుపు: 2 × 3.0 = 6 వాట్లు
* కిటికీలు: 2.4 × 5.5 = 13.2 వాట్లు

మొత్తం సుమారు 215 వాట్లు. 11 డిగ్రీల తేడాకు సుమారు 2,370 వాట్లు. చల్లని దేశాలలో నేల గుండా పోయే వేడిని కూడా కలుపుతారు. ఈ ప్రాంతంలో నేల లోపలి ఉష్ణోగ్రత చలికాలంలో కూడా పెద్దగా తగ్గదు కాబట్టి దానిని వదిలివేయవచ్చు.

గాలి మార్పిడి: పురుగులు శ్వాసిస్తాయి, ఆకు కూడా శ్వాసిస్తుంది. కాబట్టి గదిని పూర్తిగా మూయరాదు. గంటకు ఒకసారి గదిలోని గాలి మొత్తం మారుతుందనుకుంటే, ఒక డిగ్రీ తేడాకు నష్టం 72 × 0.31 = 22.3 వాట్లు. (0.31 అనేది ఈ ఎత్తులో ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన వాట్ గంటలు.) 11 డిగ్రీలకు సుమారు 245 వాట్లు.

తేమ: 16 డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న బయటి గాలిలో ఘనపు మీటరుకు సుమారు 11 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 27 డిగ్రీల వద్ద 85 శాతం తేమకు సుమారు 22 గ్రాములు కావాలి. చల్లని గాలిని వేడి మాత్రమే చేస్తే దాని తేమ శాతం సగానికి పడిపోతుంది, ఆకు వాడిపోతుంది. అందువలన ప్రతి ఘనపు మీటరుకు 11 గ్రాముల చొప్పున గంటకు 72 × 11 = 792 గ్రాముల నీటిని ఆవిరి చేయాలి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,440 కిలోజౌళ్ళు కావాలి. ఈ లెక్కన 540 వాట్ల వేడి అవసరం. తడి గోనెపట్టాలు వేలాడదీసినప్పుడు గది చల్లబడడానికి కారణం ఇదే. ఆ నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడి గదిలోని గాలి నుండే పోతుంది.

మొత్తం: 2,370 + 245 + 540 = 3,155 వాట్లు, అనగా సుమారు 3.2 కిలోవాట్లు. తెల్లవారుజామున చలి ఎక్కువగా ఉన్న వేళ ఇంత వేడిని ఎడతెగకుండా అందించాలి.

గోడలు దాచుకునే వేడి

పై లెక్క గది పూర్తిగా వేడెక్కిన తరువాతి స్థితికి చెందినది. మొదటి రోజు పరిస్థితి వేరు. 55.6 చదరపు మీటర్ల ఇటుక గోడ బరువు సుమారు 23 టన్నులు. దాని సగటు ఉష్ణోగ్రత 3 డిగ్రీలు పెరగడానికే సుమారు 58,000 కిలోజౌళ్ళు, అంటే 16 యూనిట్లు కావాలి. గాలికి పావు యూనిట్, గోడలకు 16 యూనిట్లు. హీటరు వేసిన వెంటనే ఉష్ణమాపకం కొంచెం పైకి లేచి, తరువాత గంటల తరబడి కదలకుండా ఉండడానికి కారణం ఇదే. గుడ్లు పొదిగే రోజుకు ముందే, కనీసం ఒక పగలు, ఒక రాత్రి గదిని వేడి చేసి ఉంచితే ఈ ఇబ్బంది ఉండదు.

దీనివలన ఒక మేలు కూడా ఉన్నది. రాత్రి కరెంటు పోయినప్పుడు గదిలో గాలి మాత్రమే వేడెక్కి ఉంటే కొన్ని నిమిషాలలోనే చల్లబడిపోతుంది. బాగా వేడెక్కిన గోడలు తాము దాచుకున్న వేడిని నెమ్మదిగా వదులుతూ ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోకుండా కాపాడతాయి.

ఒక రాత్రికి కావలసిన శక్తి

రాత్రి అంతటా చలి ఒకే విధంగా ఉండదు. రాత్రి 8 గంటల నుండి ఉదయం 8 గంటల వరకు బయటి సగటు ఉష్ణోగ్రత 19 డిగ్రీలు అనుకుంటే తేడా 8 డిగ్రీలు. ఒక డిగ్రీకి నష్టం 215 + 22 = సుమారు 237 వాట్లు. 237 × 8 × 12 = సుమారు 22.8 యూనిట్లు. తేమకు మరో 5.7 యూనిట్లు కలిపితే రాత్రికి సుమారు 28.5 యూనిట్లు అవుతుంది. చలికాలంలో కూడా మధ్యాహ్నం బయట ఉష్ణోగ్రత 27 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది కాబట్టి పగటి ఖర్చు స్వల్పం. 8 రోజుల చాకీ కాలానికి సుమారు 228 యూనిట్లు.

ఇదే వేడి వివిధ ఇంధనాల నుండి రావాలంటే కావలసిన పరిమాణం:

* కట్టె బొగ్గు (కిలోకు సుమారు 8 యూనిట్ల వేడి): 3.6 కిలోలు
* వంట గ్యాసు (కిలోకు సుమారు 12.8 యూనిట్లు): 2.2 కిలోలు
* ఎండిన కట్టెలు (కిలోకు సుమారు 4.2 యూనిట్లు): 6.8 కిలోలు

ఇంధనంలోని వేడి అంతా గదిలోనే ఉంటుందనుకున్నప్పటి అంకెలివి. కట్టెల పొయ్యి బయట ఉండి, పొగగొట్టం మాత్రమే గది గుండా పోతే వేడిలో కొంత భాగం పొగతో పోతుంది. అందులో 40 శాతం మాత్రమే గదికి అందితే 17 కిలోల కట్టెలు కావాలి.

విద్యుత్ హీటర్లు వాడేవారు తీగల సామర్థ్యాన్ని కూడా చూసుకోవాలి. 2 కిలోవాట్ల హీటరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. దీపాలకు వాడే 5 ఆంపియర్ల సాకెట్టుకు దానిని తగిలించరాదు. 3.2 కిలోవాట్ల అవసరానికి అటువంటి హీటర్లు రెండు కావాలి. వాటికి వేర్వేరు 15 లేదా 16 ఆంపియర్ల సాకెట్లు, తగిన మందం గల తీగలు అవసరం.

బొగ్గుల కుంపటి: ప్రమాదం

చాలాకాలం నుండి పల్లెలలో చాకీ గదిని బొగ్గుల కుంపటితో వేడి చేస్తున్నారు. ఖర్చు తక్కువ, కరెంటుతో పని లేదు. అయితే ఈ లెక్కలోనే దాని ప్రమాదం కూడా కనిపిస్తుంది. ఒక కిలో బొగ్గు పూర్తిగా కాలడానికి సుమారు 10 కిలోల గాలిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. రాత్రికి 3.6 కిలోల బొగ్గు కాలితే 36 కిలోల గాలిలోని ఆక్సిజన్ పోతుంది. గదిలో ఉన్న గాలే 79 కిలోలు. అనగా తలుపులు, కిటికీలు బిగించి సందులు కూడా మూసివేస్తే, తెల్లవారేసరికి గదిలోని ఆక్సిజన్‌లో దాదాపు సగం హరించుకుపోవాలి. అంతకంటే చాలా ముందే బొగ్గు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ విడుదలవుతుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా కలిసిపోతుంది. తలనొప్పి, మగత, వాంతి దీని తొలి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఇవి తెలియకముందే ప్రాణం పోవచ్చు. రాత్రి ఆకు వేయడానికి లేవాలని పురుగుల గదిలోనే పడుకోవడం ఈ కారణంగా మిక్కిలి ప్రమాదకరం. కుంపటిని బయటనే రాజేసి పొగ పూర్తిగా పోయిన తరువాత లోపలికి తెచ్చినా ఈ వాయువు ఆగదు. కణకణలాడే నిప్పుల నుండి కూడా అది వెలువడుతుంది. కుంపటి వాడక తప్పనప్పుడు పైన, కింద గాలి మార్గాలు తెరచి ఉంచాలి, ఆ గదిలో ఎవరూ నిద్రించరాదు. వంట గ్యాసు పొయ్యికి, కిరోసిన్ పొయ్యికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. గాలి మార్గాలు తెరిస్తే వేడి నష్టం పెరుగుతుంది. గంటకు ఒకసారికి బదులు మూడుసార్లు గాలి మారితే 11 డిగ్రీల తేడాకు మరో 490 వాట్లు, కోరిన తేమను కూడా నిలపాలంటే ఇంకా 1,080 వాట్లు అదనంగా కావాలి. ఆ ఖర్చును భరించవలసినదే.

ఖర్చు తగ్గించే మార్గాలు

నష్టం ఎక్కడ ఎక్కువో తెలిస్తే పొదుపు ఎక్కడ చేయాలో తెలుస్తుంది.

* మిద్దె కింద అటక వంటి లోకప్పు వేయడం, లేదా మిద్దె మీద మందంగా బోద, వరిగడ్డి పరచడం. మిద్దె గుణకం 3.3 నుండి 1.5కు తగ్గితే ఒక డిగ్రీకి 43 వాట్లు మిగులుతాయి. గోడలు, కప్పు, గాలి ద్వారా పోయే మొత్తంలో ఇది 18 శాతం. గడ్డి వాడినప్పుడు నిప్పు విషయంలో జాగ్రత్త అవసరం.
* చిన్న గదిని ఎంచుకోవడం. 3 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల గదికి, ఒకే కిటికీతో, ఇదే పద్ధతిలో లెక్కిస్తే ఒక డిగ్రీకి సుమారు 145 వాట్లు వస్తుంది. నేల వైశాల్యం సగమైనా నష్టం సగం కాలేదు, 61 శాతం ఉన్నది. నేలతో పాటు గోడలు సగానికి తగ్గకపోవడమే ఇందుకు కారణం.
* ఇంటి మధ్యలో ఉన్న గదిని చాకీకి వాడడం. పక్క గదులు ఉన్న గోడల గుండా పోయే వేడి బయటి గోడల కంటే తక్కువ.
* తట్టలపై, తట్టల కింద పారఫిన్ కాగితం వాడడం. దీనివలన ఆకులోని తేమ పడకలోనే నిలుస్తుంది. గది అంతటా 85 శాతం తేమ నిలపవలసిన అవసరం తగ్గుతుంది, నీటిని ఆవిరి చేసే ఖర్చు కూడా తగ్గుతుంది. ఆకు వేయడానికి ముందు కాగితం తీసి గాలి ఆడనివ్వాలి.
* కొందరు రైతులు చాకీ పురుగులను తామే పెంచక, చాకీ కేంద్రాల నుండి రెండవ నిర్మోచనం అయిన పురుగులను తెచ్చుకుంటారు. అప్పుడు ఎక్కువ వేడి కావలసిన దశ ఒకే చోట, ఒకే గదిలో ముగుస్తుంది.

అంచనాను సరిచూడడం

పైన చెప్పిన గుణకాలు సుమారు విలువలు మాత్రమే. గోడ మందం, ఇటుక రకం, తలుపు సందులు, గాలి వేగం మారితే సమాధానం మారుతుంది. రాతి గోడ, మట్టి గోడ, సిమెంటు రేకుల కప్పు ఉన్న గదులకు వేరే గుణకాలు వాడాలి. రేకుల కప్పుకు నష్టం మిద్దె కంటే చాలా ఎక్కువ.

విద్యుత్ మీటరు, రెండు ఉష్ణమాపకాలు ఉంటే ఎవరైనా తమ గది నష్టాన్ని స్వయంగా కొలవవచ్చు. పురుగులు, తడి లేని ఖాళీ గదిని రెండు రాత్రులు వరుసగా వేడి చేసి, రెండవ రాత్రి హీటర్లు వాడిన యూనిట్లను, గంట గంటకు లోపలి, బయటి ఉష్ణోగ్రతలను రాసుకోవాలి. ఉదాహరణకు 10 గంటలలో 24 యూనిట్లు ఖర్చై, సగటు తేడా 9 డిగ్రీలు ఉంటే, 24,000 ÷ (10 × 9) = 267 వాట్లు. లెక్కలో వచ్చినది 237 వాట్లు. ఈ 30 వాట్ల తేడాకు కారణం తలుపు కింద సందు కావచ్చు, కప్పు అంచున పగులు కావచ్చు. వెలిగించిన అగరువత్తిని ఆ చోట్లకు దగ్గరగా పట్టుకుంటే పొగ కదలికను బట్టి గాలి ఎక్కడి నుండి వస్తున్నదో తెలుస్తుంది. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ పరీక్షను తమ తరగతి గదిలో లేదా ఇంటిలో ఒక ప్రయోగంగా చేసి చూడవచ్చు.

ఇవి కూడా చూడండి

* పట్టు పరిశ్రమ
* మల్బరీ
* ఉష్ణ వహనం
* గుప్తోష్ణం
* ధర్మవరం పట్టుచీరలు